పెన్నా నదీముఖం

నది సముద్రంలో కలిసేచోట మంచినీరు, ఉప్పునీరు కలిసిపోయే జలభాగాన్ని నదీముఖం అంటారు. దీనికి ఇరుపక్కలా నేల ఉండి, ఒకవైపు మాత్రం సముద్రానికి తెరచి ఉంటుంది. కోస్తా జాలరులు దీనిని "మొగ" అని వ్యవహరిస్తారు. పెన్నా నది నెల్లూరు జిల్లాలోని ఊటుకూరు వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది.

యాగంటి నుండి సముద్రం వరకు

నంద్యాల జిల్లా, బనగానపల్లె మండలంలోని యాగంటి క్షేత్రంలో కొండల నుండి వచ్చే ఊటనీరు ఏడాది పొడవునా కోనేటికి చేరుతుంది. ఈ ప్రాంతమంతా కుందేరు పరీవాహక ప్రాంతంలోనిది. కుందేరు ఎర్రమల కొండలలో పుట్టి, నంద్యాల మీదుగా ప్రవహించి, కడప జిల్లాలో కమలాపురం సమీపాన పెన్నాలో కలుస్తుంది. పెన్నా కర్ణాటకలోని నంది కొండలలో పుట్టి, 597 కి.మీ. ప్రయాణించి సముద్రాన్ని చేరుతుంది.

ఈ దారిలో నీరు రెండు రకాల పదార్థాలను మోసుకుపోతుంది. మొదటిది కరిగిన పదార్థం. వాననీరు గాలిలోని, నేలలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. అది సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించి కాల్షియం బైకార్బనేటు రూపంలో తీసుకుపోతుంది. కొలిమిగుండ్ల సమీపంలోని బెలూం గుహలు ఈ విధంగా ఏర్పడినవే. రెండవది నీటిలో తేలియాడే బంకమన్ను. నల్లరేగడి నేలలపై వాన కురిసినపుడు ఏరు బురదరంగుకు మారడానికి కారణం ఇదే. నదీముఖంలో ఈ రెండింటి గతి వేరువేరుగా ఉంటుంది.

నదీముఖం ఏర్పడే విధం

సుమారు 20,000 సంవత్సరాల క్రితం, మంచుయుగంలో, సముద్రమట్టం నేటికంటే సుమారు 120 మీటర్లు తక్కువగా ఉండేది. మంచు కరగడంతో సముద్రం పైకి వచ్చి నదీలోయల చివరి భాగాలను ముంచివేసింది. ప్రపంచంలోని అనేక నదీముఖాలు ఈ విధంగా ఏర్పడ్డాయి. సుమారు 7,000 సంవత్సరాల క్రితం నుండి సముద్రమట్టం చాలావరకు నిలకడగా ఉన్నందున, పెన్నా, కృష్ణా, గోదావరి వంటి నదులు తెచ్చిన ఒండ్రు మునిగిన భాగాలను పూడ్చి డెల్టాలుగా మారింది. ఆ డెల్టాల చివర, నదీపాయల మొగల వద్ద మాత్రమే నేడు నదీముఖాలు మిగిలి ఉన్నాయి.

ఆంధ్ర తీరంలో పోటు, పాటుల మధ్య తేడా సుమారు ఒకటి నుండి ఒకటిన్నర మీటర్లు మాత్రమే. కాబట్టి ఇక్కడి నదీముఖాల తీరును ఆటుపోట్లతో పాటు నది వరద, తీరం వెంబడి ఇసుకను జరిపే అలలు నిర్ణయిస్తాయి. వరద తగ్గిన నెలలలో అలలు మొగకు అడ్డంగా ఇసుకదిబ్బ వేస్తాయి. వరద వచ్చినపుడు అది కోతకు గురవుతుంది.

అవక్షేపాల రసాయనశాస్త్రం

బంకమట్టి రేణువుల ఉపరితలంపై ఋణావేశం ఉంటుంది. అందువలన అవి మంచినీటిలో ఒకదానినొకటి వికర్షించుకుంటూ తేలియాడుతాయి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వీటిలోని సోడియం, మెగ్నీషియం, కాల్షియం అయానులు ఆ ఋణావేశాన్ని అణచివేయడంతో రేణువులు గుంపులుగా చేరి అడుగుకు దిగుతాయి. బురదనీటిలో పటిక తిప్పితే నీరు తేరుకోవడం ఇటువంటిదే. నదిలోని ఇనుము కూడా చాలావరకు ఇక్కడే గడ్డకట్టి, ఫాస్ఫేటును, సీసం, రాగి వంటి భారలోహాలను తనతో పాటు బురదలోకి దించుతుంది.

కరిగిన కాల్షియం మాత్రం ఎక్కువ భాగం సముద్రంలోకి సాగిపోతుంది. ఆల్చిప్పలు, నత్తలు దానితో తమ గుల్లలను నిర్మించుకుంటాయి. ఆ గుల్లలను కాల్చి చేసేదే గుల్లసున్నం. అంటే కొండలలో కరిగిన సున్నపురాయి తీరంలో మరల సున్నపు పదార్థంగా మారుతున్నదన్నమాట.

బురద పైపొరలో కొన్ని మిల్లీమీటర్ల లోతు వరకే ప్రాణవాయువు ఉంటుంది. దాని దిగువన ఉండే సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని జీర్ణించుకొనడానికి వరుసగా నైట్రేటును, మాంగనీసును, ఇనుమును, చివరకు సముద్రపు నీటిలోని సల్ఫేటును వాడుకుంటాయి. సల్ఫేటు నుండి హైడ్రోజన్ సల్ఫైడు వాయువు పుడుతుంది. మొగ బురదకు ఉండే కుళ్ళిన గుడ్ల వాసన దీనిదే. ఈ వాయువు ఇనుముతో కలిసి నల్లని ఐరన్ సల్ఫైడుగా, కాలక్రమంలో పైరైటుగా మారుతుంది. ఈ బురద కదలనంతవరకు నిరపాయకరం. చెరువుల కోసం దానిని తవ్వి గాలికి ఆరబెడితే పైరైటు ఆక్సీకరణం చెంది గంధకికామ్లాన్ని విడుదల చేస్తుంది. ఆ ఆమ్లం రొయ్యలకు, పంటనేలకు హానికరం. బురదలో బంధించబడిన లోహాలు కూడా అప్పుడు తిరిగి నీటిలో చేరవచ్చు.

ప్రాధాన్యం

నదీజలం సముద్రంలో "వృథాగా" కలుస్తున్నదనే మాట తరచుగా వినబడుతుంది. కరువు ప్రాంతాలకు సాగునీరు, త్రాగునీరు అత్యవసరమన్నది నిజం. 78 టి.ఎం.సి. సామర్థ్యం గల సోమశిల జలాశయం ఆ అవసరం కొరకే నిర్మించబడింది. అయితే జలాశయం నీటితో పాటు ఒండ్రును కూడా ఆపుతుంది. ఒండ్రు తగ్గితే తీరం కోతకు లోనవుతుంది. మంచినీరు తగ్గితే ఉప్పునీరు నదిలో పైకి ఎగబాకి సమీపపు బావులకు చేరే ప్రమాదం ఉంది. చేపలు, రొయ్యల పిల్లలు పెరిగే లేత ఉప్పునీటి ప్రదేశం కూడా కుంచించుకుపోతుంది. మొగకు చేరే నీటికి కూడా చేయవలసిన పని ఉన్నదని దీనివలన గ్రహించవచ్చు.