పిల్లల విషయంలో చీటీ తీయొచ్చా?

ఊళ్లో పిల్లల్ని వదిలి వచ్చిన మనందరికీ ఒక ప్రశ్న తప్పదు. పిల్లాడిని అమ్మమ్మ దగ్గర ఉంచితే మంచిదా, హాస్టల్లో వేస్తే మంచిదా? ఎవర్ని అడిగినా తలో మాట చెబుతారు. ఇది మన ఇంటి సంగతి. అమ్మానాన్నలు లేని పిల్లలు, ఇంట్లో భద్రత లేని పిల్లల విషయంలో ఇదే ప్రశ్న ప్రభుత్వాల ముందుకొస్తుంది. మంచి మనసుతో పెట్టిన పథకం నిజంగా మేలు చేస్తోందో లేదో తెలిసేదెలా?

సైటు మీద పనిచేసేవాళ్లకు పరీక్ష కొత్త కాదు. కాంక్రీటు లారీల్లోంచి తీసి క్యూబులు పోస్తాం. 7 రోజులకు కొన్ని, 28 రోజులకు కొన్ని మిషన్‌లో పెట్టి పగలగొడతాం. ఏ లారీలోంచి తీయాలో సప్లయర్‌ను చెప్పనివ్వం. చెప్పనిస్తే మంచి లారీనే చూపిస్తాడు. పిల్లల పథకాల్లోనూ అంతే. సాయం ఎవరికో అధికారే ఎంచుకుంటే, తేలిగ్గా బాగుపడే కుటుంబాలే జాబితాలో ముందుంటాయి. చివరికి పథకం మంచిదో, ఆ కుటుంబాలే మంచివో తేలదు. అందుకే చీటీ తీస్తారు. పేరొచ్చినవాళ్లకు కొత్త సాయం, రానివాళ్లకు ఇప్పటిదాకా అందుతున్న సాయం. కొన్నాళ్లకు రెండు గుంపుల్నీ పోల్చి చూస్తారు.

ఇది మన పల్లెలకూ వచ్చింది. 2008లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు బడి ఫీజు వోచర్లు లాటరీ తీసి ఇచ్చారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే లాటరీ తగిలిన పిల్లలు హిందీలో ముందున్నారు గానీ తెలుగు, లెక్కల్లో ఏమంత తేడా లేదు.

అయితే క్యూబు పగిలితే ఇంకోటి పోస్తాం. బాల్యం మళ్లీ పోసేది కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

బుకారెస్ట్‌లో 136 మంది

రుమేనియాలో చౌషెస్కు ప్రభుత్వం 1966లో అబార్షన్లను నిషేధించింది. సాకలేని ఇళ్లలోని పిల్లలంతా ప్రభుత్వ శరణాలయాలకు చేరారు. 1989లో ఆ ప్రభుత్వం కూలేనాటికి అలాంటి పిల్లలు లక్షమందికి పైనే. 2000 ప్రాంతంలో నెల్సన్, ఫాక్స్, జీనా అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలు బుకారెస్ట్‌లో అధ్యయనం మొదలుపెట్టారు. ఆరు శరణాలయాల్లోని 136 మంది పసివాళ్లను తీసుకుని, చీటీలు తీసి 68 మందిని ఫోస్టర్ కుటుంబాలకు ఇచ్చారు. అంటే దత్తత కాదు, జీతం తీసుకుని సొంత బిడ్డలా పెంచే కుటుంబాలు. మిగతా 68 మంది అక్కడే ఉన్నారు.

'అక్కడే ఉన్నారు' అన్న మాట చదివితే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. శరణాలయం మంచిది కాదని అనుమానం ఉండగా పసిబిడ్డని అక్కడ వదిలేయడం న్యాయమా? ఈ విమర్శ వాళ్లకు గట్టిగానే తగిలింది. దానికి వాళ్లు చెప్పిన జవాబు ఇది: అప్పటికి ఆ ఊళ్లో ఫోస్టర్ కుటుంబాలు లేవనే చెప్పాలి, అధ్యయనమే లేకపోతే 136 మందీ లోపలే ఉండేవారు. ఇంకో నియమం కూడా పెట్టుకున్నారు. మిగిలినవాళ్లలో ఎవరికైనా ఇల్లు దొరికితే అడ్డుకోకూడదు. అలా చాలామంది తర్వాత బయటికి వెళ్లిపోయారు కూడా. పిల్లలకది మంచిదే, లెక్కకు మాత్రం కష్టం. పోల్చాల్సిన గుంపే కరిగిపోతుంది కదా! అయినా ఎవరు ఎటు వెళ్లినా, మొదట చీటీలో ఏ గుంపులో పడ్డారో ఆ గుంపులోనే లెక్కగట్టారు.

ఫలితాలు 2007లో వచ్చాయి. నాలుగున్నరేళ్ల వయసులో ఫోస్టర్ గుంపు తెలివితేటల సగటు 81, రెండో గుంపుది 73. రెండేళ్లు నిండకముందే ఇంటికి చేరినవాళ్లు ఇంకా బాగా కోలుకున్నారు. తీవ్ర వైకల్యం ఉంటే తప్ప రెండేళ్లలోపు పిల్లల్ని శరణాలయంలో చేర్చకూడదని రుమేనియా 2004లోనే చట్టం చేసింది.

ఇంగ్లండ్‌లో ఏం తేలింది?

ఇంగ్లండ్‌లో టీనేజీ పిల్లలకు ప్రత్యేక ఫోస్టర్ సాయం మీద ఒక అధ్యయనం చేశారు. 219 మందిలో చీటీ వేయగలిగింది 34 మందికే. ఈ పిల్లాడికి ఇదే కావాలని సోషల్ వర్కర్‌కు గట్టిగా అనిపించినప్పుడు చీటీకి ఎలా వదులుతారు? రాత్రికి రాత్రి పడక చూడాల్సి వస్తే చీటీకి టైమెక్కడ?

2020 నుంచి 2022 దాకా అక్కడి స్కూళ్లలోనే సోషల్ వర్కర్లను పెట్టి చూశారు. టీచర్లకు, పిల్లలకు బాగా నచ్చింది. కానీ పిల్లల భద్రతపై పెద్ద విచారణలు మాత్రం తగ్గలేదు. నచ్చడం వేరు, పనిచేయడం వేరు అన్నమాట.

ఇంకో పథకం మాత్రం పనిచేసింది. బిడ్డ విషయం కోర్టుకు వెళ్లేముందు తాతలు, మేనమామలు, పిన్ని, బాబాయిలను కూర్చోబెట్టి దారి ఆలోచించమంటారు. న్యూజిలాండ్ మావోరీల పద్ధతి చూసి 1989లో ఆ దేశం చట్టంలో పెట్టింది. మన ఇంటి పెద్దల పంచాయితీ లాంటిదే. 2023లో వచ్చిన ఇంగ్లండ్ ఫలితాల్లో, ఈ అవకాశం దొరికిన కుటుంబాల్లో ఏడాది తర్వాత ప్రభుత్వ సంరక్షణకు వెళ్లిన పిల్లలు 36 శాతం. మిగతా కుటుంబాల్లో 45 శాతం.

ఇక్కడా ఒక మెలిక ఉంది. బిడ్డ ఇంట్లోనే ఉంటే గెలిచినట్టేనా? ఆ ఇల్లే ప్రమాదమైతే? కాంక్రీటు బలానికి ఒక అంకె చాలు. బిడ్డ బాగున్నాడా అంటే చదువు, భయం, ప్రేమ, భద్రత అన్నీ చూడాలి.

మనకేంటి దీంతో?

మనలో చాలామంది జీతంలోంచి ఊరి అనాథాశ్రమానికి చందా పంపుతాం. గది కట్టించడం, ఫ్యాన్లు ఇప్పించడం మనకు తెలిసిన పుణ్యం. బుకారెస్ట్ చెబుతున్నది వేరే. పసిబిడ్డకు గోడల కన్నా ముందు ఒడి కావాలి. అదే డబ్బుతో ఆ బిడ్డ నాయనమ్మ దగ్గరే పెరగగలడేమో ముందు అడగాలి. మిషన్ వాత్సల్య 2022 మార్గదర్శకాల్లో బంధువుల దగ్గరుండే అనాథ పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. అర్హత ఉన్న పిల్లలు మీ ఊళ్లో ఉంటే జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగమని ఇంటివాళ్లకు చెప్పండి.

చందా అడిగేవాళ్లని ఇంకో మాట కూడా అడగండి: 'ఎంతమందికి అన్నం పెట్టారు' అని మాత్రమే కాదు, 'ఎంతమంది బాగుపడ్డారు, మీకెలా తెలుసు' అని. చీటీ తీసి తేల్చుకునే స్తోమత అందరికీ ఉండదు. అడగడానికి మాత్రం ఖర్చేమీ లేదు.