ఇంజను నూనె – డబ్బా మీది అంకెలు

సికింద్రాబాదు స్టేషను దగ్గర ఒకాయన కారు కిరాయికి తిప్పుతాడు. అది చిన్న కారు. పాతది కొన్నారు. దానికోసం భార్య చిట్టీ ఎత్తి డబ్బు ఇచ్చింది. ఆ కారు తిరిగితేనే ఇల్లు గడుస్తుంది.

ఒక ఆదివారం ఆయన ఇంజను నూనె మార్చాలనుకున్నాడు. రాణిగంజ్ వెళ్లి నూనె డబ్బా, ఫిల్టరు కొనుక్కొచ్చాడు. భార్య డబ్బాను చేతిలోకి తీసుకుంది. దాని మీద "20 డబ్ల్యు 50" అని ఉంది. కారుతో వచ్చిన పుస్తకం తెరిచింది. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. అయినా అంకెలు అంకెలే గదా! నూనె డబ్బా బొమ్మ ఉన్న పేజీలో "5 డబ్ల్యు 30" అని ఉంది.

"ఏమండీ, ఈ రెండూ ఒకటి కాదు" అంది.

"చిక్కటి నూనె మంచిదే. మన ఎండలకు అదే ఆగుతుంది. నీకేం తెలుసు?" అన్నాడు ఆయన.

"నాకు తెలియదు. కారు చేసినవాళ్లకు తెలుసు గదా! వాళ్లు రాసింది చూడండి" అంది ఆమె.

ఎవరి మాట సరైనది? తెలుసుకుందాం.

నూనె ఎందుకు?

ఎడ్లబండి ఇరుసుకు కందెన పెడతాం. లేకపోతే ఇరుసు అరిగిపోతుంది. ఇంజను కూడా అంతే. దాని లోపలి భాగాలు నిమిషానికి వేలసార్లు తిరుగుతాయి. లోహం లోహానికి రాసుకుంటే వేడి పుడుతుంది, అరుగుదల వస్తుంది. నూనె ఆ రెంటి మధ్య సన్నని పొరలాగా నిలుస్తుంది. వేడిని తగ్గిస్తుంది. మసిని, మురికిని తనతో తీసుకుపోతుంది.

నూనె లేకుండా నడిపితే భాగాలు ఒకదానికొకటి పట్టేస్తాయి. "ఇంజను సీజయింది" అని మెకానిక్కులు అనేది దీన్నే. బాగు చేయించాలంటే వేల రూపాయలు కావాలి. కారు మూలపడితే కిరాయి కూడా పోతుంది.

అంకెలు ఏం చెబుతాయి?

ఆముదం మెల్లగా జారుతుంది. పల్లీనూనె తొందరగా జారుతుంది. ఏ నూనె అయినా పొయ్యి మీద పెడితే పలచబడుతుంది. చల్లారితే చిక్కబడుతుంది. ఇంజను నూనె కూడా అంతే. అది చల్లగా ఉన్నప్పుడు ఎంత చిక్కగా ఉంటుంది, వేడెక్కినప్పుడు ఎంత చిక్కగా ఉంటుంది అనేది ఈ అంకెలు చెబుతాయి.

"డబ్ల్యు" అంటే చలికాలం అని గుర్తు. దాని ముందున్న అంకె చలిలో నూనె ఎలా పారుతుందో చెబుతుంది. ఆ అంకె ఎంత చిన్నదైతే నూనె చలిలో అంత తేలికగా పారుతుంది. వెనక ఉన్న అంకె వేడి ఇంజనులో నూనె చిక్కదనం చెబుతుంది. అది పెద్దదైతే నూనె చిక్కన. ఇవి డిగ్రీలు కావు, కిలోలు కావు. చిక్కదనానికి పెట్టిన గుర్తులు మాత్రమే.

మరి చిక్కటిది మంచిది కాదా?

ఆయన మాటకు ఒక కారణం ఉంది. మారుతి 800 కారు 1983లో వచ్చింది. 2014లో దాని తయారీ ఆగిపోయింది. ఆనాటి కార్లకు మన దగ్గర 20 డబ్ల్యు 40 వంటి చిక్కటి నూనెలు ఎక్కువగా పోసేవారు. ఆయన పని నేర్చుకున్నది ఆ కార్ల మీదే.

ఇప్పటి ఇంజన్లు వేరు. వాటి భాగాల మధ్య సందు చాలా తక్కువ. నూనె వెళ్లే దారులు సన్నం. రాత్రంతా ఆగిన కారులో నూనె అడుక్కు దిగిపోతుంది. పొద్దున ఇంజను స్టార్టు చేయగానే అది పైకి ఎక్కాలి. మరీ చిక్కటి నూనె అయితే ఆలస్యంగా ఎక్కుతుంది. ఆ కాసేపట్లోనే అరుగుదల ఎక్కువ. పెట్రోలు కూడా ఎక్కువ తాగుతుంది.

మరి పలచటి నూనె పోస్తే? చిక్కటి నూనె కోసం చేసిన పాత ఇంజనులో మరీ పలచటిది పోస్తే పొర నిలవదు. అందుకే ఏ కారుకు ఏ నూనె అన్నది పుస్తకం చెప్పాలి. కంపెనీవాళ్లు ఎండను కూడా లెక్కలోకి తీసుకునే అంకె రాస్తారు.

ఫిల్టరు ఎందుకు?

టీ వడకట్టే జల్లి లాంటిదే ఫిల్టరు. లోపల మడతలు పెట్టిన కాగితం ఉంటుంది. అది నూనెలోని మురికిని పట్టుకుంటుంది. అది పూర్తిగా నిండిపోతే నూనె వడకట్టకుండానే పక్కదారిన ఇంజనులోకి పోతుంది. అందుకని నూనెతోపాటు ఫిల్టరు కూడా మార్చాలి.

ఎలా మారుస్తారు?

1. కారును చదునైన చోట ఆపి, చేతి బ్రేకు వెయ్యాలి. ఇంజను కొద్ది నిమిషాలు నడిపి ఆపాలి. నూనె గోరువెచ్చన అయితే బాగా కారుతుంది. మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది.

2. జాకీ ఒక్కదాని మీద నిలిపిన కారు కిందికి ఎప్పుడూ దూరకూడదు. గట్టి స్టాండ్లు పెట్టాలి.

3. కింద తొట్టి పెట్టి, పానాతో అడుగు బోల్టు విప్పాలి. పాత నూనె అంతా కారాక కొత్త వాషరు వేసి బోల్టు బిగించాలి.

4. పాత ఫిల్టరు విప్పాలి. దాని రబ్బరు రింగు ఇంజనుకు అంటుకుపోయిందేమో చూడాలి. ఒకదాని మీద ఒకటి రెండు రింగులు పడితే నూనె కారిపోతుంది.

5. కొత్త ఫిల్టరు రింగుకు కొంచెం కొత్త నూనె రాయాలి. చేత్తోనే బిగించాలి. ఎంత బిగించాలో ఫిల్టరు మీద రాసి ఉంటుంది.

6. పుస్తకం చెప్పినంత నూనె పొయ్యాలి. ఇంజను స్టార్టు చెయ్యాలి. నూనె దీపం కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఇంజను ఆపాలి.

7. కింద నూనె కారుతోందేమో చూడాలి. ఇంజను ఆపి ఐదు నిమిషాలు ఆగాలి. కొలత కడ్డీ తీసి తుడిచి, మళ్లీ పెట్టి తియ్యాలి. నూనె రెండు గుర్తుల మధ్య ఉండాలి. తక్కువైనా, ఎక్కువైనా మంచిది కాదు.

పాత నూనెను మోరీలో పొయ్యకూడదు. పికెట్ నాలా నీళ్లు చేరేది హుస్సేన్ సాగర్‌కే. పాత నూనె ఒంటికి కూడా మంచిది కాదు. చేతులు సబ్బుతో కడగాలి. నూనెను డబ్బాలో పట్టి, వాడిన నూనె తీసుకునే సర్వీసు సెంటరుకు ఇవ్వాలి.

మళ్లీ ఎప్పుడు?

చాలా చిన్న కార్లకు 10 వేల కిలోమీటర్లు లేదా ఒక ఏడాది అని రాస్తారు. ఏది ముందు వస్తే అప్పుడే మార్చాలి. దుమ్ములో, ట్రాఫిక్‌లో రోజంతా తిరిగే కిరాయి కారుకు అంతకన్నా ముందే మార్చాలి.

ఆ ఆదివారం ఏమైంది? డబ్బా సీలు ఇంకా తియ్యలేదు. ఇద్దరూ రాణిగంజ్ వెళ్లారు. "అన్నా, ఇది మార్చి 5 డబ్ల్యు 30 ఇవ్వు" అని ఆమే అడిగింది. సీలు చూసింది, బిల్లు తీసుకుంది. నూనె మార్చడం అయ్యాక కారు మీటరులోని అంకెను, తేదీని తన నోటుపుస్తకంలో రాసుకుంది.

ఇప్పుడు నూనె ఎప్పుడు మార్చాలో ఆయన ఆమెనే అడుగుతున్నాడు.

చెప్పండి:

1. "డబ్ల్యు" ముందున్న అంకె ఏం చెబుతుంది?
2. ఫిల్టరు ఎందుకు మార్చాలి?
3. మీ ఇంట్లో లేదా మీ వీధిలో ఉన్న బండికి ఏ నూనె పోస్తారు? దాని డబ్బా మీది అంకెలు చదివి రాయండి.