కారు మోడిఫై చేయించారా? మైలేజ్ నిజంగా పెరిగిందో లేదో ఇలా తేల్చుకోండి!

పెద్ద టైర్లు, అల్లాయ్ వీల్స్, సీఎన్‌జీ కిట్, పెట్రోల్ ఆదా చేస్తాయని చెప్పే చిన్న చిన్న పరికరాలు.. చిన్న కారుకు ఏదో ఒక మార్పు చేయించుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. డబ్బు కట్టి బిగించాక ఒకసారి ట్యాంక్ నింపి చూస్తే, లీటరుకు ఒకటి రెండు కిలోమీటర్లు ఎక్కువే వచ్చినట్టు కనిపిస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఏ మార్పూ చేయని కారులో కూడా ఆ తేడా రావొచ్చు!

ఒక్క ట్రిప్పు లెక్క ఎందుకు నమ్మకూడదు?

శ్రీకాకుళం నుంచి విజయనగరం సుమారు 70 కిలోమీటర్లు. రానూపోనూ 140. లీటరుకు 20 ఇచ్చే కారు 7 లీటర్లు తాగుతుంది. బంకులో ట్యాంక్ నింపేటప్పుడు అర లీటరు అటూ ఇటూ కావడం పెద్ద విషయం కాదు. అర లీటరు తక్కువ పడితే మైలేజ్ 21.5 అని, ఎక్కువ పడితే 18.7 అని చూపిస్తుంది. అంటే కారు అదే, రోడ్డు అదే.. తేడా మాత్రం దాదాపు మూడు కిలోమీటర్లు.

అదే దారిలో మూడుసార్లు తిరిగి, 420 కిలోమీటర్ల తర్వాత ఒకేసారి నింపితే? అదే అర లీటరు పొరపాటుతో లెక్క 19.5 నుంచి 20.5 మధ్యే ఉంటుంది. దూరం పెరిగే కొద్దీ పొరపాటు చిన్నదవుతుంది.

టెస్ట్ ఇలా చేయండి

* మార్పు చేయించక ముందే ఒకసారి మైలేజ్ కొలిచి రాసి పెట్టుకోండి. చాలామంది వదిలేసేది ఇదే.
* ఒకే బంకు, ఒకే పంపు. నాజిల్ మొదటిసారి దానంతట అదే ఆగగానే ఆపేయండి. ఆ తర్వాత రౌండ్ ఫిగర్ కోసం పోయించొద్దు.
* ఎచ్చెర్ల, రణస్థలం, పూసపాటిరేగ మీదుగా నాతవలస, అక్కడి నుంచి విజయనగరం.. ఇలా ఒకే దారి ఎంచుకోండి. వెళ్లిన దారిలోనే తిరిగి రండి. అప్పుడే గాలి, ఎత్తుపల్లాల ప్రభావం చాలావరకు సర్దుకుంటుంది. సాలూరు దాటాక ఘాట్ ఎక్కుతూ కొలిచిన మైలేజ్‌ని హైవే మైలేజ్‌తో పోల్చొద్దు.
* టైర్లలో గాలి, కారులో బరువు, ఏసీ, స్పీడు.. అన్నీ రెండుసార్లూ ఒకేలా ఉండాలి. 80 నుంచి 100కు వెళితే గాలి నిరోధం 56 శాతం పెరుగుతుంది. పైన క్యారియర్ ఉంటే భారం ఇంకా ఎక్కువ.
* తీసేయగలిగే పరికరమైతే, తీసేసి మూడోసారి కూడా కొలవండి. మైలేజ్ మళ్లీ పాత అంకెకు వస్తేనే అది పరికరం మహిమ అనుకోవచ్చు.

టైర్లు మారిస్తే మీటరే తప్పు చెబుతుంది

155/80 ఆర్13 టైరు తీసి 185/65 ఆర్14 వేశారనుకుందాం. చక్రం వ్యాసం 3 శాతం పెరుగుతుంది. మీటర్ 500 కిలోమీటర్లు చూపినప్పుడు కారు నిజానికి 515 తిరిగి ఉంటుంది. చిన్న టైర్లు వేస్తే దీనికి రివర్స్.. తిరగని దూరం కూడా మీటర్‌లో పడి, మైలేజ్ పెరిగినట్టు భ్రమ కలుగుతుంది. అందుకే దూరాన్ని జీపీఎస్‌తో సరిచూసుకోవాలి.

సీఎన్‌జీ అయితే రూపాయల్లో లెక్కేయండి

సీఎన్‌జీని కిలోల్లో కొలుస్తారు. కిలో గ్యాస్‌లో దాదాపు లీటరున్నర పెట్రోల్‌కు సరిపడా శక్తి ఉంటుంది. కాబట్టి కిలోకు ఇన్ని, లీటరుకు ఇన్ని అని పోల్చడం సరికాదు. కిలోమీటరుకు ఎన్ని రూపాయలు అయ్యిందో చూడాలి. స్టార్టింగ్‌లో వాడే పెట్రోల్‌ను కూడా అందులో కలపాలి.

కంపెనీ మైలేజ్‌తో పోలిక వద్దు

ప్రకటనల్లో కనిపించే అంకె ల్యాబ్‌లోది. కారును రోలర్ల మీద 1,180 సెకన్ల పాటు, గరిష్ఠంగా 90 కిలోమీటర్ల వేగంతో నడిపి, పొగలోని వాయువులను బట్టి ఇంధనం లెక్కిస్తారు. మన రోడ్డు, మన ట్రాఫిక్ అందులో ఉండవు.

ఇక మైలేజ్ పెంచే పరికరాల సంగతి.. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇలాంటివి వందకు పైగా పరిశీలించింది. మైలేజ్‌ను చెప్పుకోదగ్గంతగా పెంచింది ఒక్కటీ లేదు.

డబ్బు ఎప్పటికి తిరిగొస్తుంది?

నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే కారులో మైలేజ్ 20 నుంచి 21కి నిజంగానే పెరిగిందనుకుందాం. ఆదా అయ్యేది 2.4 లీటర్లు. లీటరు 110 రూపాయల లెక్కన నెలకు 264 రూపాయలు. 10 వేలు పెట్టి మార్పు చేయిస్తే, ఆ డబ్బు రావడానికి మూడేళ్లు దాటుతుంది.

ఆర్సీ సంగతి మరవొద్దు

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలోని కంపెనీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సీఎన్‌జీ కిట్ అయితే ఆమోదం ఉన్నదే బిగించి, ఆర్సీలో నమోదు చేయించాలి. రూల్స్‌కు విరుద్ధంగా మార్చితే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే అవకాశం ఉంది.

కాబట్టి ముందు కొలవండి, తర్వాతే ఖర్చు పెట్టండి. ఒక నోట్‌బుక్, మూడు ట్రిప్పుల ఓపిక ఉంటే చాలు.