పెద్ద డిష్‌కు డాబా కన్నా పెరడే మేలు

కోసిన వరి పనల మీద ఉన్నప్పుడు టీవీలో వాతావరణ వార్త ఎంత అవసరమో మీకు చెప్పనక్కర్లేదు. పనలు ఎత్తాలా, ఆగాలా అన్నది దాన్ని బట్టే. తీరా గాలి లేచేసరికి బొమ్మ పోతుంది. మీ ఇంటి మీద పాత ఎనిమిది అడుగుల డిష్ ఇంకా ఉంటే ఈ బాధ మీకు కొత్త కాదు.

డిష్ పడిపోనక్కర్లేదు. దాని అంచు ఒక్క అంగుళం ఊగితే చాలు, ఉపగ్రహానికి గురి తప్పుతుంది. ఇక గాలి బలం సంగతి. గంటకు 50 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే ఎనిమిది అడుగుల డిష్ మీద సుమారు 55 కిలోల తోపు పడుతుంది. గాలి వేగం రెట్టింపయితే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు. అంటే 100 కిలోమీటర్ల గాలికి 220 కిలోలు. కట్టడాలకు విశాఖలో లెక్క వేసుకోమని భారత ప్రమాణాల్లో చెప్పిన గాలి గంటకు 180 కిలోమీటర్లు. అప్పుడు ఏడు వందల కిలోలు! జల్లెడ డిష్‌కు కొంత తక్కువే గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలోనే తీరం దాటింది. తుపాను కన్ను మీదుగా పోయినచోట గాలి ముందు ఉత్తరం వైపు నుంచి కొట్టి, కాస్త ఆగి, మళ్లీ దక్షిణం నుంచి తిరగబడుతుంది. ఒక పక్కకు తాడు బిగించి ‘కట్టేశాం కదా’ అనుకుంటే కుదరదు. ఎగిరిన డిష్ పక్కవాడి రేకుల మీద పడవచ్చు, పశువుల పాకలో పడవచ్చు. కరెంటు తీగల మీద పడితే ఇంకేముంది?

అసలు దాన్ని డాబా ఎక్కించాల్సిన పనేమిటి? దూరదర్శన్ చానెళ్లు వచ్చే 93.5 డిగ్రీల తూర్పు స్థానం మన జిల్లా నుంచి చూస్తే దక్షిణ ఆగ్నేయంగా, నేల నుంచి 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. దాదాపు నడినెత్తికి దగ్గర. అందుకని పది అడుగుల గోడ పక్కన కూడా, మూడు నాలుగడుగులు ఎడం ఇచ్చి పెరట్లో నిలిపితే సిగ్నల్‌కు అడ్డం రాదు. కొబ్బరి మట్టలు మాత్రం అడ్డు రాకుండా చూసుకోండి. నేల దగ్గర గాలి తక్కువ, పైగా ఇల్లే చాటు.

రెండడుగుల వెడల్పు, రెండడుగుల పొడవు, మూడున్నర అడుగుల లోతున గొయ్యి తీయండి. తీరం దగ్గర ఇసుక నేలయితే వెడల్పు, పొడవు మూడేసి అడుగులు చేయండి. మూడంగుళాల మందపాటి జీఐ పైపు అడుగున రెండు ఇనుప ముక్కలు అడ్డంగా వెల్డింగు చేయిస్తే గాలికి పైపు తిరగదు. తూకం గుండు పట్టి నిటారుగా నిలిపి కాంక్రీటు పోయండి. వారం రోజులు నీళ్లు పెట్టాకే డిష్ ఎక్కించండి. తొందరపడితే పునాది వదులవుతుంది. పిట్టగోడకు బిగించడం, మూడుకాళ్ల స్టాండు మీద రాళ్లు పేర్చడం రెండూ దండగే. డిష్ అంచుకు తీగ కట్టి లాగొద్దు, గిన్నె వంకరపోతుంది.

సముద్రపు ఉప్పు గాలికి బోల్టులు త్వరగా తుప్పు తింటాయి. వానాకాలం ముందు ఒకసారి, అక్టోబరుకు ముందు మరోసారి విప్పి చూసి గ్రీజు రాయండి. సన్నబడినవి పారేయండి.

పోర్టులో మూడో నంబరు హెచ్చరిక అని వినగానే నట్లన్నీ బిగించుకోండి. అయిదో నంబరు దాకా ఆగితే డిష్ దించే పని మొదలుపెట్టాల్సిందే, అదీ గాలి లేవకముందే. విప్పేముందు పైపు మీద, కాలర్ మీద ఒకే గీతగా రంగు పూయండి. మళ్లీ ఎక్కించేటప్పుడు ఆ గీతలు కలిస్తే గురి దాదాపు కుదురుతుంది. ముందు ఎల్ఎన్‌బీ తీసి ఇంట్లో పెట్టండి. గిన్నెను నేల మీద బోర్లించి, ఇసుక బస్తాలు వేసి, చుట్టూ మేకులు పాతి కట్టండి. దించడానికి మనుషులు లేకపోతే గిన్నెను నేరుగా ఆకాశం వైపు తిప్పి బిగించండి, గాలి తగిలే వైశాల్యం తగ్గుతుంది.

డీడీ ఫ్రీడిష్ ఒక్కటే చూసేవారికి మాత్రం ఈ బాధంతా దేనికి? రెండడుగుల చిన్న డిష్ చాలు, దాని మీద పడే గాలి పదహారో వంతే. పెద్దదాన్ని పాత ఇనుముకు వేసేయొచ్చు.

హుద్‌హుద్ తర్వాత కరెంటు రాక చాలా ఇళ్లలో టీవీలు రోజుల తరబడి మూగబోయాయి. డిష్ దించిన రోజున బ్యాటరీ రేడియో ఒకటి, కొత్త సెల్స్‌తో చేతికి అందేచోట పెట్టుకోండి.