ఉడుత యుద్ధతంత్రము



ఈనాటి నా ప్రసంగవిషయమును వినినంతనే మీలో కొందఱు నవ్వవచ్చును. నేనును మొదట నవ్వినవాడనే. పిల్లలు చేతులలో ఇముడు చిన్న యంత్రమును పట్టుకొని, దాని అద్దముమీద కదలాడు బొమ్మజంతువులచేత పోరాటము చేయించు ఆట యొకటి కలదు. ఆ ఆటలోని యొక ఉడుతను గూర్చి నేడు మీకు మనవి చేయదలచితిని. 2014వ సంవత్సరము ఆగస్టు మాసమున అమెరికా సంయుక్తరాష్ట్రముల రాజధానియగు వాషింగ్టను నగరమున ఆ ఆటకు ప్రపంచపు పోటీ జరిగెను. దానియందు పెద్దల తరగతిలో గెలిచినవాడు దక్షిణ కొరియా దేశస్థుడగు సేజున్ పార్క్ అను యువకుడు. అతని జట్టులో భయంకరాకారము గల భూతములు కొన్ని యున్నవి. వానితో పాటు నాలుగు కిలోలైనను తూగని యీ ఉడుతయు నున్నది.

మా మనుమడు ఈ సంగతి చెప్పినపుడు నేను, "గ్రుడ్డియెద్దు జొన్నచేలో పడినట్లున్నది" అని కొట్టివైచితిని. వాడు కోపగించుకొనలేదు. కాగితమును పెన్సిలును తెచ్చి నా ముందు పెట్టి, "అది కొట్టడానికి కాదు తాతయ్యా, కొట్టించుకోడానికి" అనెను. నేను చాలకాలము పిల్లలకు లెక్కలు చెప్పినవాడను. కాగితముమీద అంకెలు కనబడినచో ఊరకుండలేను. ఆ రాత్రి కూర్చుండి తెలిసికొన్నదానిని మీ ముందుంచుచున్నాను. ఆ గెలుపు అదృష్టమా, లెక్కయా యనునది మీరే తేల్చవచ్చును.

ఈ ఆట జపానుదేశమున 1996వ సంవత్సరమున పుట్టినది. దీనిని కల్పించినవాడు సతోషి తజిరి. బాల్యమున పురుగులను పట్టి కూర్చుకొను వేడుక ఆయనకు మెండు. ఆ వేడుకయే ఈ ఆటకు బీజము. జేబులోని భూతములు అని అర్థమిచ్చు పేరును కుదించి దీనిని పోకెమాన్ అనిరి. భూతమనగా మన శ్మశానమునందలి భూతము కాదు, వింతజంతువని గ్రహింపవలెను. పోరాటమున నెత్తురు లేదు, చావు లేదు. ఓడిన జంతువు సొమ్మసిల్లి తొలగును, పిమ్మట మరల లేచును. కోడిపందెములు చూచి మనసు కలతపడినవారును దీనిని నిశ్చింతగా చూడవచ్చును.

పోటీయందు ఒక్కొక్కరు ఆఱు జంతువులను తెత్తురు. ఎదిరి ఆఱింటిని చూచిన పిమ్మట తమవానిలో నాలుగింటిని ఎంచుకొందురు. రంగముమీద ఒక్కొక్క పక్షమున రెండేసి జంతువులు ప్రక్కప్రక్కన నిలుచును. ఈ మాటను మఱువకుడు. ఒంటరిపోరాటమైనచో మన ఉడుతకు చోటే లేదు. ప్రతి వంతునందును ఆటగాండ్రిద్దఱును తమ జంతువులకు రహస్యముగా ఆజ్ఞలిత్తురు. ఆ యాజ్ఞలు జంతువుల వేగమును బట్టి వరుసగా జరుగును. కొన్ని ఎత్తులకు మాత్రము వేగముతో పనిలేదు, అవి ముందే జరిగి తీరును. జంతువులకు జాతులును కలవు: నీరు నిప్పును గెలుచును, నిప్పు పచ్చికను గెలుచును, మెఱుపు నీటిని గెలుచును, భూమి మెఱుపును మ్రింగును.

ఇక మన ఉడుత. దాని పేరు పచిరిసు. జపానుభాషలో రిసు అనగా ఉడుత. పచిపచి యనునది మన చిటపట వంటి ధ్వని. తెల్లని మేనిమీద నీలిచారతో నున్న యీ మెఱుపుజాతి జంతువు 2006వ సంవత్సరపు ఆటలో తొలుత కానవచ్చెను. దాని సహజగుణములను ఆటవారు అంకెలలో చూపుదురు. ప్రాణబలము 60, మీదబడి కొట్టుబలము 45, దానిని ఓర్చుకొను కాపు 70, దూరమునుండి శక్తిని ప్రయోగించు బలము 45, దానికి కాపు 90, వేగము 95. మొత్తము 405. అదే జట్టులోని గార్‌చాంప్ అను నేలసొరకు మొత్తము 600. ఈ అంకెలు చూచినవాడెవ్వడును సంతలో దీని త్రాడు పట్టడు.

అయినను ఏ జంతువునకైనను శిక్షణనిమిత్తము 510 పాళ్లు కలవు. ఒక్క గుణమునకు 252 మించి పెట్టరాదు. సామాన్యముగా ఆటగాండ్రు వానిని దెబ్బకును వేగమునకును పోయుదురు. ఉడుతకు అట్లు చేయుట బూడిదలో పోసిన పన్నీరు. 45 గల బలమును ఎంత పెంచినను అది ఎవ్వరిని పడగొట్టగలదు? కావున 252 ప్రాణమునకు, 252 కాపునకు ఇచ్చి, స్వభావమునుగూడ కాపునే పెంచునట్టిదానిని ఎన్నుకొనవలెను. అపుడు పోటీలకు నియమించిన 50వ మెట్టున దాని ప్రాణము 167, కాపు 134 అగును. కొట్టుబలమును పూర్తిగా విడిచిపెట్టుటకు ధైర్యము కావలెను. ఈ తంత్రమునందు మొదటి యడుగు ఇదియే.

ప్రతి జంతువునకును నాలుగు ఎత్తులు మాత్రమే యుండును. ఉడుత నాలుగింటిలో మొదటిదానికి ఆంగ్లమున ఫాలో మీ అని పేరు. జపానులో దాని పేరునకు ఈ వ్రేలిమీద వ్రాలుడని యర్థము. అచటి పిల్లలు వ్రేలు పైకెత్తి తోడివారిని ఆటకు పిలుచునపుడు పలుకు మాట యది. ఉడుత వ్రేలెత్తినచో, ఎదిరి తన దెబ్బను ప్రక్కనున్న జంతువుమీద గురిపెట్టినను అది ఉడుతమీదికే మరలును. పులిజూదము ఆడినవారికి ఇది వెంటనే బోధపడును. మేక పులిని కఱవలేదు. కాని పులి ఎటు దూకవలెనో మేక నిలిచిన చోటే తేల్చును.

రెండవది చెక్కిలి రాచుట. దానివలన కలుగు నొప్పి స్వల్పము, కాని తగిలినవానికి తిమ్మిరి పట్టుట నిశ్చయము. ఆనాటి నియమములలో తిమ్మిరి పట్టిన జంతువు వేగము నాలుగవవంతునకు పడిపోవును. అంతేకాక నాలుగుసార్లలో ఒకసారి చొప్పున అది కదలజాలదు. మూడవది ముందుపండ్లతో కొఱుకుట. ఇది ఎదిరి ప్రాణములో అప్పటికి మిగిలినదానిని సరిగా సగము చేయును. కొఱుకువాని బలముతో దీనికి నిమిత్తము లేదు. ఆ సంవత్సరము పోటీలను గడగడలాడించిన కంగస్కాన్ అను తల్లిజంతువునకు నిండుగా పెంచినచో 212 ప్రాణముండును. ఉడుతపంటికి అది 106 అగును. ఏనుగు కొఱికినను అంతే, ఎలుక కొఱికినను అంతే! నాలుగవది రక్ష; ఆ వంతున తనకు దెబ్బ తగులనీయదు. దాని యుపయోగమును పిమ్మట చెప్పెదను.

ఇవియన్నియు ఒక యెత్తు, దాని సహజశక్తి యొక యెత్తు. ఈ ఉడుత మెఱుపును త్రాగును. మెఱుపుదెబ్బ తగిలినచో నొచ్చుటకు మాఱుగా ప్రాణములో నాలుగవవంతు తిరిగి పొందును. 167లో నాలుగవవంతు 41. ఇపుడు దాని ప్రక్కన ఎవరున్నారో చూడుడు. సేజున్ పార్క్ జట్టులో గయరడాస్ అను మహాసర్పము కలదు. అది నీటికిని గాలికిని చెందిన జాతి. కావున మెఱుపుదెబ్బ దానికి నాలుగురెట్లు తగులును. ఆ సర్పమును పడగొట్టదలచినవాడు మెఱుపునే విసరవలెను. విసరినచో ఉడుత త్రాగివేయును. నా మనుమని కాగితముమీద ఇంతవఱకు వచ్చునప్పటికి నా నవ్వు మాయమైనది.

ఒక వంతును లెక్కవేసి చూతము. ఇవి నేను కల్పించుకొన్న ఆజ్ఞలే కాని, అంకెలు ఆటలోని సూత్రమును బట్టి కట్టినవి. మనవైపు ఉడుత, సర్పము. ఎదుట టాలన్‌ఫ్లేమ్ అను నిప్పుడేగ, బట్టలుతుకు యంత్రములో దూరిన రోటమ్ అను మెఱుపుపిశాచి. డేగ ప్రాణమునకు తెగించి సర్పముపై దుమికినది. పిశాచి సర్పముపై మెఱుపు విసరినది. ఆ రోజులలో డేగ యొక్క ఱెక్కదెబ్బ అందఱి యెత్తులకంటెను ముందు పడుటయే దాని ప్రతాపము. అయినను ఉడుత వ్రేలెత్తుట అంతకంటెను ముందు జరుగును. మెఱుపుజాతికి గాలిదెబ్బ సగమే తగులును. నిండు బలమునకు పెంచిన డేగ దెబ్బ ఉడుతకు 37 మొదలు 44 వఱకు తగులును. సర్పము రంగమునకు వచ్చుటతోడనే ఎదిరిని బెదరించియున్నచో 25 మొదలు 30 వఱకే. పైగా అంతగా తెగించి కొట్టిన డేగకు తానిచ్చిన దెబ్బలో మూడవవంతు తిరిగి తగులును. తరువాత మెఱుపు వచ్చి ఉడుతలో పడినది. 41 తిరిగి చేరినది. ఎదిరివారి రెండు ఆజ్ఞలును ఖర్చైనవి, ఉడుత దాదాపు మొదటివలెనే యున్నది. ఈ లోపల సర్పము తీరికగా నాట్యమాడి తన దెబ్బను, వేగమును ఒకటిన్నర రెట్లు పెంచుకొన్నది. రాబోవు వంతు ఎవరిదో చెప్పనక్కఱలేదు.

ఉడుత చేతిలో సిట్రస్ అను పండొకటి యుండును. ప్రాణము సగమునకు దిగినపుడు దానిని తిని మఱియొక 41 పొందును.

ఈ పనికి ఉడుతయే ఎందుకు, ఇతర జంతువులు లేవా యని నేనడిగితిని. ఉన్నవి. దెబ్బలను తనవైపు లాగుకొను పుట్టగొడుగు అమూంగస్ ఆనాడు ఎందఱి జట్టులలోనో యుండెను. కాని అది వెదజల్లు పొడి పచ్చికజాతివారిమీద పారదు. డేగదెబ్బ దానికి రెట్టింపు తగులును. మెఱుపును త్రాగు విద్య దానికి లేదు. అంకెల మొత్తమున ఉడుతకంటె పుట్టగొడుగే మేలు. కాని డేగలును మెఱుపులును నిండిన యా సంవత్సరమున సర్పమును కాయుటకు ఉడుతయే తగినది. ఉడుతాభక్తి యని మనము వినయముగా చెప్పుకొందుము. ఈ ఉడుతది భక్తి కాదు, త్రాసు పట్టి తూచిన కొలత.

దీనికి లోపములు లేవనుకొనరాదు. ఒక్కనికి గురిపెట్టిన దెబ్బనే ఉడుత మరల్చగలదు. కొండరాళ్లు దొర్లించుట, భూకంపము పుట్టించుట మొదలగునవి అందఱిమీదను పడును; వానికి వ్రేలెత్తి లాభము లేదు. కంగస్కాన్ రంగమునకు దిగిన తొలివంతున వేయు బెదరుదెబ్బ ఉడుత వ్రేలికంటెను ముందు పడును. ఉడుత ఉలికిపడి ఆ వంతు నష్టపోవును. ఎగతాళి చేసి రెచ్చగొట్టు ఎత్తొకటి కలదు. దానికి లొంగినచో వ్రేలెత్తుటయు, రక్షయు కొన్ని వంతులపాటు సాగవు. ఇక భూమిజాతి. మెఱుపుజాతికి శత్రువది యొక్కటే. గార్‌చాంప్ నిండు బలముతో పుట్టించు భూకంపము ఉడుతకు రమారమి 115 మొదలు 140 లోపల తగులును. ఒకదానిని ఓర్చి పండు తినును, రెండవదానిని ఓర్వదు.

ఇచటనే మా మనుమడు దెబ్బతినెను. వాషింగ్టను పోటీసంగతి తెలిసిన క్రొత్తలో వాడును ఒక ఉడుతను పెంచెను. దాని ప్రక్కన గార్‌చాంపును నిలిపెను. గార్‌చాంప్ జాతిలో ఘనమైనది, దాని భూకంపము మఱియు ఘనమైనది. వాడు ఉత్సాహముతో భూకంపము పుట్టించెను. ఆ దెబ్బ ఎదిరివారితో పాటు తన ఉడుతకును తగిలెను. రెండవ భూకంపముతో ఉడుత తన యజమాని చేతనే సొమ్మసిల్లెను. ఎదిరి పిల్లవాడు ఏమియు చేయనక్కఱలేకపోయెను. "నీ మేకను నీ పులి తినెనా?" అని నేనడుగగా వాడు ఆ పూట అన్నము సరిగా తినలేదు. నేనట్లు అనకుండవలసినది. సేజున్ పార్క్ జట్టులోను గార్‌చాంప్ కలదు. నాలుగవ యెత్తగు రక్ష దానికొఱకే: భూకంపము వచ్చు వంతున ఉడుత కన్నులు మూసి రక్ష పట్టవలెను, మఱుసటి వంతున వ్రేలెత్తవలెను. అయితే రక్షను వెనువెంట వరుసగా వాడినచో అది తప్పిపోవుట మెండు. కావున ఏ వంతున ఏది చేయవలెనను ఓర్పే ఈ ఉడుతను నడుపువానికి ముఖ్యమైన విద్య.

తరువాతి సంవత్సరములలో నియమములు మాఱినవి. 2016లో వచ్చిన ఆటలలో డేగ తన ప్రాణము నిండుగా నున్నపుడే ముందుగా కొట్టగలదని కట్టడి చేసిరి. తిమ్మిరి పట్టినవాని వేగమును నాలుగవవంతునకు కాక సగమునకే తగ్గించిరి. ఉడుత నిలువరింపవలసిన డేగయు, ఉడుత వాడిన తిమ్మిరియు రెండును ఒకేసారి మెత్తబడినవి. పార్క్ ఆడిన జట్టును మక్కికిమక్కిగా నేడు దింపినచో ఆ ఫలమే వచ్చునని చెప్పరాదు. మా మనుమడు మొన్న ఆదివారమున క్రొత్త పట్టికతో నాయొద్దకు వచ్చెను. ఆఱింటిలో అయిదు పేర్లు వ్రాసియున్నవి. ఆఱవ చోట ఏమియు లేదు. మిగిలిన యైదింటిలో ఎవరు దేనికి భయపడుదురో ముందు లెక్కవేయుమని పెన్సిలు నా చేతికిచ్చి కూర్చుండెను.