అలంపురంలో ఒక పగలు

అష్టాదశ శక్తిపీఠాలలో ఐదవది అలంపురం. సతీదేవి పైదంతాలు పడిన పుణ్యస్థలమని పురాణప్రసిద్ధి. శ్రీశైల క్షేత్రానికి తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, ఉత్తరాన ఉమామహేశ్వరం ద్వారాలైతే, పడమటి ద్వారం ఈ అలంపురమే. కృష్ణా తుంగభద్రల సంగమానికి చేరువగా, తుంగభద్ర ఎడమ ఒడ్డున వెలసిన ఈ క్షేత్రాన్ని దక్షిణకాశి అని పెద్దలు కొనియాడారు. నిన్నటివరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండిన ఈ ఊరు 2016 నుంచి అమ్మవారి పేరుతోనే ఏర్పడిన జోగుళాంబ గద్వాల జిల్లాలో ఉంది.

ఇంతటి క్షేత్రానికి వచ్చే భక్తులలో చాలామంది అమ్మవారిని దర్శించి, బాలబ్రహ్మేశ్వరునికి నమస్కరించి, గంట తిరగకుండానే కర్నూలు దారినో మంత్రాలయం దారినో పడుతున్నారు. దర్శనఫలానికి లోటేమీ లేకపోవచ్చు. కానీ అలంపురం ఒక్క గుడి కాదు. నదీతీరాన వెలసిన ఒక ఆలయనగరం. ఈసారి మీరు కుటుంబంతో వెళ్లినప్పుడు ఒక పగలంతా ఈ తల్లి సన్నిధిలో గడపండి. ఏమేమి చూడవచ్చునో వరుసగా మనవి చేస్తాము.

తల్లి తిరిగి వచ్చిన గుడి

ఉదయమే అమ్మవారి దర్శనంతో ప్రారంభించండి. యోగుల అమ్మ కనుక జోగులాంబ అయినదని అంటారు. పైకి లేచిన కేశాలు, ఆ కేశాలలో బల్లి, తేలు, గబ్బిలం, కపాలం గల ఈ ఉగ్రరూపాన్ని చూసి పిల్లలు భయపడితే, కీడును తన తలమీద పెట్టుకొని మనల్ని కాచే తల్లి అని చెప్పండి. అమ్మవారి ఉగ్రతను చల్లబరచేందుకే గుడి చుట్టూ నీటిగుండం ఏర్పరిచారని భక్తుల విశ్వాసం.

మీరు చూస్తున్న ఈ ఆలయం 2005లో పునఃప్రతిష్ఠ పొందినది. 14వ శతాబ్దంలో జరిగిన దండయాత్రలో పాత గుడి నేలమట్టమైనదని చెబుతారు. అమ్మవారి మూర్తిని కాపాడి బాలబ్రహ్మేశ్వరాలయంలో ఉంచారు. ఆరు వందల ఏళ్లకు పైగా తల్లి అక్కడే పూజలందుకున్నది. తాతముత్తాతలు ఎన్ని తరాలవారు గుడి లేని అమ్మను కొలిచి వెళ్లారో ఒక్కసారి తలచుకొంటే, ఇప్పటి దర్శనం ఎంత భాగ్యమో బోధపడుతుంది.

తొమ్మిది బ్రహ్మలు, తొమ్మిదీ శివుడే

తరువాత నవబ్రహ్మల ఆలయాలకు నడవండి. బాల, కుమార, అర్క, వీర, విశ్వ, తారక, గరుడ, స్వర్గ, పద్మ అనేవి వీటి పేర్లు. పేరు చూసి బ్రహ్మదేవుని గుళ్లని పొరబడవద్దు. ఇవన్నీ శివాలయాలే. బ్రహ్మ ఇక్కడ తపస్సు చేయగా పరమేశ్వరుడు ప్రత్యక్షమైనాడని స్థలపురాణం చెబుతున్నది. రసవాదం తెలిసిన సిద్ధులు ఓషధుల పేర్లను ఇలా గుప్తంగా పెట్టారనే మాట కూడా ఉన్నది.

ఈ గుళ్లను 7వ శతాబ్దం నుంచి బాదామి చాళుక్యుల కాలంలో కట్టారు. మన ప్రాంతపు గోపురాలవలె కాక, వీటి శిఖరాలు ఉత్తరాది పద్ధతిలో పైకి వంపు తిరుగుతూ, కొనన ఉసిరికాయ ఆకారపు రాతిచక్రంతో ముగుస్తాయి. దానినే ఆమలకం అంటారు. భువనేశ్వరం వెళ్లినవారికి ఆ పోలిక ఇట్టే కనబడుతుంది.

స్వర్గబ్రహ్మ ఆలయం దగ్గర ఎక్కువసేపు నిలవండి. వినయాదిత్యుని ఏలుబడిలో (681–696) లోకాదిత్య ఎలఅరస అనే అధికారి రాణి గౌరవార్థం కట్టించినదని శాసనం తెలుపుతున్నది. గోడలపై దిక్పాలకుల శిల్పాలున్నాయి. ఏ దిక్కున ఏ దిక్పాలకుడో పిల్లలచేత చెప్పించండి. విశ్వబ్రహ్మ ఆలయంలో పురాణకథల శిల్పాలు కనబడతాయి.  బాలబ్రహ్మేశ్వరుని లింగం ఆవు పాదముద్రను పోలి ఉంటుంది.

బాలబ్రహ్మేశ్వరుని సన్నిధిలోని సందడి మిగిలిన ఎనిమిదింటిలో కనిపించదు. అక్కడ గబ్బిలాల అలికిడి, మీ అడుగుల చప్పుడు మాత్రమే వినబడవచ్చు. అందుకే వెళ్లవలె. పదమూడు వందల ఏళ్లుగా నిలిచిన గర్భగుడి ముందు నిమిషం మౌనంగా నిలుచుంటే, అదే అర్చన అవుతుంది.

పక్కనే ఉన్న పురావస్తు ప్రదర్శనశాలను, ఊరిలోని సూర్యనారాయణస్వామి ఆలయాన్ని, కృష్ణదేవరాయల కాలపు శాసనమున్న నరసింహాలయాన్ని కూడా చూడండి. ఈ ఊరి చరిత్రను, శాసనాలను వెలుగులోకి తెచ్చినవారిలో గడియారం రామకృష్ణశర్మగారు ముఖ్యులు. వారి ఆత్మకథ ‘శతపత్రము’కు 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

నీటిని దాటి వచ్చిన దేవుళ్లు

మధ్యాహ్నం కాస్త ఎండ తగ్గాక ఊరి అంచున ఉన్న కూడలి సంగమేశ్వరుని వద్దకు వెళ్లండి. ఈ స్వామి మొదటినుంచి ఇక్కడివాడు కాడు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో ఉండేవాడు. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. జలాశయం నిండితే సంగమస్థలం మునుగుతుంది. అప్పుడు ఆలయాన్ని రాయి వెంట రాయిగా విప్పి, ప్రతి రాతికి గుర్తు పెట్టి, ఇక్కడికి తెచ్చి తిరిగి పేర్చారు. ఎత్తయిన అధిష్ఠానం చుట్టూ తిరిగి చూడండి. ఏ రాయి ఎక్కడిదో మరచిపోకుండా నిలబెట్టిన పనివారి చేతులకు కూడా నమస్కరించాలనిపిస్తుంది.

అక్కడినుంచి పాపనాశం. ఊరికి నైరుతిగా రెండు కిలోమీటర్ల దూరంలో, మెట్లు మెట్లుగా సన్నబడే శిఖరాలతో ఇరవైకి పైగా చిన్న గుళ్లు ఒకచోట చేరి కనబడతాయి. ఇవి కూడా ముంపునుంచి తప్పించి తెచ్చినవే. జనం పలుచగా ఉండే చోటు. సాయంకాలపు వెలుగులో ఈ రాళ్ల ఎరుపు చూడదగినది.

చివరిగా నది. నవబ్రహ్మల ఆవరణలో నిలుచుంటే తుంగభద్ర కనబడదు. జలాశయపు వెనుకనీటినుంచి గుళ్లను కాచేందుకు కట్టిన గట్టు అడ్డుగా ఉంటుంది. మెట్లెక్కి చూస్తే ఒకవైపు నీరు, మరొకవైపు శిఖరాలు. 2009 అక్టోబరులో వచ్చిన మహావరదకు ఈ గట్టు కూడా చాలలేదు. ఊరు, ఆలయాలు నీట చిక్కుకున్నాయి. నీరు తీసినాక బురద కడిగి మళ్లీ దీపం వెలిగించారు. పుష్కరాలు 2008లోనూ 2020లోనూ జరిగిన నది ఇదే. మనకు పుణ్యమిచ్చే నీరే గుళ్లకు పరీక్ష పెడుతున్నది.

దండయాత్రను, ప్రాజెక్టును, వరదను తట్టుకొని ఈ దేవుళ్లు నిలిచారు. ఇక మిగిలినది మన మరపు ఒక్కటే. చూసేవారు లేని గుడి చరిత్ర పుస్తకంలో ఉంటుందే కాని, ఇంట్లో పిల్లల నోట ఉండదు. కాబట్టి అమ్మవారి దర్శనం కాగానే వాహనం ఎక్కవద్దు. తొమ్మిది గుళ్లూ తిరగండి, పాపనాశం చూడండి, గట్టెక్కి నదికి చేతులు జోడించండి.

ఎలా వెళ్లాలి: అలంపురం హైదరాబాదుకు సుమారు 215 కిలోమీటర్లు, కర్నూలుకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉంది. హైదరాబాదు–కర్నూలు జాతీయ రహదారిపై అలంపురం చౌరస్తా వద్ద దిగి లోపలికి వెళ్లాలి. అలంపూర్ రోడ్ రైల్వేస్టేషన్ కూడా ఉన్నది. వేసవిలో రాతినేల కాళ్లను కాలుస్తుంది కనుక చలికాలం అనుకూలం. వృద్ధులను వెంట తీసుకువెళ్లేవారు ఉదయమే బయలుదేరితే మంచిది.