హనుమకొండ విద్యకు సంఘబలము

1959లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేయగా వెలసి, నేడు ఎన్.ఐ.టి.గా ప్రసిద్ధిచెందిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయము, 1980లో నెలకొనిన కిట్స్ ఇంజనీరింగు కళాశాల, ఆ వెనుక ఊరి నలుదెసలను వెలసిన మఱెన్నో కళాశాలలు – ఇన్ని విద్యాలయములు ఒక్కచోట నుండుట హనుమకొండ, కాజీపేట, వరంగల్లులు కలసిన ఈ త్రినగరికి దక్కిన భాగ్యము. అయినను ఏటేట పట్టా పుచ్చుకొనిన యువతీయువకులలో పెక్కుమంది కాజీపేటలో బండియెక్కి, సుమారు 140 కిలోమీటర్ల దూరముననున్న హైదరాబాదునకో, అచటినుండి దేశాంతరములకో తరలిపోవుచున్నారు. పోగోరినవారు పోవుట తప్పు కాదు. ఉండగోరినవారికి తగిన పని దొరకకుండుటయే లోపము.

ఈ లోపమునకు మూలమొక చిక్కుముడి. అనుభవజ్ఞులైన ఇంజనీర్లు లభింపరని కంపెనీలు ఇచటికి వచ్చుటకు సందేహించును; కంపెనీలు రానిదే అనుభవజ్ఞులు తయారు కారు. ప్రభుత్వము స్థలము చూపగలదు, భవనము కట్టగలదు, రాయితీ ప్రకటింపగలదు. కళాశాల పాఠము చెప్పి పట్టా ఈయగలదు. కంపెనీ తన లాభనష్టములను లెక్కించుకొని కొలువులీయగలదు. ఈ మువ్వురిని ఒక్కచోట కూర్చుండబెట్టి, ఒకరి అవసరము నింకొకరికి తెలియజెప్పువారు వేఱొకరుండవలెను. ఆ పని చేయదగినది వృత్తివ్యాపారసంఘము.

సంఘముగా కూడి వర్తకము సాగించుట ఓరుగంటికి క్రొత్త గాదు. కాకతీయుల కాలమున స్వదేశి, పరదేశి, నానాదేశి వర్తకులు శ్రేణులుగా ఏర్పడి, తమ కట్టుబాట్లను తామే నిర్ణయించుకొనిరి. గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లిలో వేయించిన అభయశాసనము, ఓడ చెడి తీరమునకు కొట్టుకొనివచ్చిన సరకును రాజులు అపహరించు పూర్వాచారమును మాన్పించి, న్యాయమైన సుంకము మాత్రమే గైకొందునని వర్తకులకు మాటయిచ్చినది. నియమము ముందుగా తెలిసి యుండుటయు, అది అందఱికి సమముగా వర్తించుటయు వ్యాపారమునకు ఎంత ప్రాణావసరములో ఆ శాసనము చాటుచున్నది. నేటి వాణిజ్యసంఘములు ప్రభుత్వములను కోరుచున్నదియు ఇదియే. 1917లో హైదరాబాదున పుట్టిన వాణిజ్యమండలి నేటి తెలంగాణ వాణిజ్య పారిశ్రామిక మండలుల సమాఖ్యకు మూలము. వరంగల్లు ఎనుమాముల మార్కెట్టులో మిర్చి, పత్తి వర్తకులకు ఛాంబర్ ఆఫ్ కామర్సు అన్నమాట సుపరిచితము.

సాఫ్ట్‌వేరు రంగమున అట్టి సంఘము హైసియా. 1991లో, మన దేశపు ఆర్థికవిధానము మలుపు తిరిగిన ఏడాదిలోనే, హైదరాబాదు సాఫ్ట్‌వేరు ఎగుమతిదారుల సంఘముగా ఇది ఏర్పడినది. ఎగుమతిదారులతోపాటు ఈ రంగమునందలి సంస్థలన్నిటికిని చోటు కల్పించుచు, పిమ్మట సాఫ్ట్‌వేరు ఎంటర్‌ప్రైజెస్ అసోసియేషన్‌గా పేరు మార్చుకొనినది. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించునాటికే ఈ సంఘమునకు ఏడేండ్ల వయస్సు వచ్చినది. విధానరూపకల్పనలో పరిశ్రమ పక్షమున ప్రభుత్వముతో సంప్రదించుట, చిన్న సంస్థలకు పెద్ద సంస్థలతో పరిచయము కల్పించుట, ఉత్తమమైన సాఫ్ట్‌వేరు ఉత్పత్తులకు పురస్కారములిచ్చుట, మహిళలు నాయకత్వస్థానములకు ఎదుగుటకు తోడ్పడుట దీని కార్యక్రమములలో కొన్ని.

అయితే సంఘము చేయదగిన పనులన్నిటిలో శిక్షణ ముఖ్యమైనది. ఏలయన, ఒక్క కంపెనీ తన ఖర్చుతో ఒక యువకునికి ఆఱునెలలు పని నేర్పినచో, ఏడవ నెలలో ప్రక్క కంపెనీ నాలుగు రూకలెక్కువ యిచ్చి అతనిని తీసికొనిపోవచ్చును. ఎచట నైనను పనికివచ్చు విద్యకు ఏ యజమానియు తనంతట తాను సొమ్ము వెచ్చింపగోరడని, తరువాత నోబెల్ బహుమానమందిన గ్యారీ బెకర్ 1964లోనే వివరించెను. ప్రతివాడును ఇట్లే వెనుదీసినచో అందఱికిని కొఱతయే మిగులును. అందఱును కలసి ఖర్చును పంచుకొని, ఏమి నేర్పవలెనో కలసి నిర్ణయించినచో, శిక్షితుడు ఎవరియొద్ద చేరినను ఎవరును నష్టపడరు. జర్మనీలో 1969 నాటి వృత్తిశిక్షణ చట్టము ననుసరించి అప్రెంటిసులకు పరీక్షలు నిర్వహించి యోగ్యతాపత్రములిచ్చు బాధ్యతను స్థానిక వాణిజ్యమండలులే వహించుచున్నవి.

మన కళాశాలలలో నేర్పునదానికిని, కొలువులో కావలసినదానికిని గల అంతరమెట్టిదో ఒక్క దృష్టాంతమువలన తెలియగలదు. చివరి సంవత్సరపు విద్యార్థిని లింక్డ్ లిస్టును, అనగా ఒకదానికొకటి ముడిపడిన దత్తాంశముల వరుసను, త్రిప్పి వ్రాయుమన్నచో, పరీక్షకు పలుమార్లు వ్రాసినది గనుక, తడబడక కాగితముపై వ్రాయును. కాని వేఱొకరు వ్రాసిన పదివేల పంక్తుల ప్రోగ్రామును ముందుంచి, ఇందులో ఒక దోషమున్నది, వెదకి సరిదిద్దుము, సరిదిద్దినపుడు తక్కినది చెడకుండ పరీక్షించుము అన్నచో, ఎచట మొదలిడవలెనో ఆమెకు తోచదు. కొలువు చేరిన మొదటిరోజునుండి ఆమె చేయవలసిన పని అదియే. ఇది ఆమె బుద్ధిలోపము గాదు. అట్టి ప్రోగ్రామును ఎవరును ఆమెకు చూపలేదు. పరిశ్రమలో పండిన ఒక ఇంజనీరు వారమునకు ఒకపూట కళాశాలకు వచ్చి అట్టి దోషములను విద్యార్థులచేత వెదకించినచో, ఒక్క సెమిస్టరులోనే ఆ బెదురు చాలవఱకు తొలగును.

రాష్ట్రప్రభుత్వము చెప్పిన లెక్కల ప్రకారము తెలంగాణ ఐ.టి. ఎగుమతులు 2014–15లో 66,276 కోట్ల రూపాయలు కాగా, 2022–23 నాటికి 2,41,275 కోట్లకు పెరిగినవి. ఉద్యోగుల సంఖ్య తొమ్మిది లక్షలు దాటినది. ఈ సంపదలో అత్యధికభాగము హైదరాబాదు చుట్టునే కేంద్రీకృతమైనది. ఇటుప్రక్క కూడ ప్రయత్నములు లేకపోలేదు. 2020 జనవరిలో కాజీపేట చెంతనున్న మడికొండలో టెక్ మహీంద్ర, సైయెంట్ సంస్థలు తమ కేంద్రములను తెఱచినవి. హసన్‌పర్తి మండలము అనంతసాగరములో ఎస్.ఆర్. విశ్వవిద్యాలయమువారి ఇంక్యుబేటరు అంకురసంస్థలకు ఆశ్రయమిచ్చుచున్నది. ప్రభుత్వము 2014లో నెలకొల్పిన టాస్క్ సంస్థ విద్యార్థులకు ఉద్యోగనైపుణ్యములు నేర్పుచున్నది. వీనినన్నిటిని ఒక్క త్రాటిపై నడిపింపగల స్థానిక సంఘము బలపడినగాని ఫలితము నిండుగా చేతికందదు.

ఆ సంఘము పెద్దకంపెనీల విందుసభగా మారరాదు. అయిదుగురితో నడచు సంస్థకును భారము గాని చందా ఉండవలెను. కార్యవర్గమున కళాశాల అధ్యాపకులకును, ఇంక్యుబేటరులలోని యువవ్యవస్థాపకులకును స్థానముండవలెను. యజమానులు కూడబలుకుకొని జీతములను తగ్గించుటకు అది సాధనము కారాదు. ఏ నైపుణ్యమునకు ఎన్ని కొలువులున్నవో ఏటేట లెక్కదీసి ప్రకటించుట దాని మొదటి పని కావలెను. ఆ లెక్క లేనందుననే తల్లిదండ్రులు ఊహలను నమ్మి పిల్లలను కోర్సులలో చేర్చుచున్నారు.

త్రినగరిలో చదివి, నేడు హైదరాబాదులోను అమెరికాలోను కంపెనీలు నడుపుచున్న పూర్వవిద్యార్థులారా! మడికొండలో కార్యాలయములు నడుపుచున్న నిర్వాహకులారా! సొసైటీల రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఒక సంఘము నమోదగుటకు ఏడుగురు సభ్యులు చాలును. ఉన్న సంఘములో చేరుడు, చాలదనుకొన్నచో క్రొత్తదానిని స్థాపింపుడు. మీకు చదువు చెప్పిన ఊరిలో మీ తరువాతివారికి పని దొరకునట్లు చేయుడు.